బ్యాంకు మనిషి ఇంటికొచ్చిన రోజు

నేను ఎంటెక్‌లో చేరిన ఏడాదే బీటెక్ అప్పుకు వాయిదాలు మొదలయ్యాయి. రెండు కట్టలేకపోయాను. ఇంట్లో చెప్పలేదు. ఒకరోజు ల్యాబ్‌లో ఉండగా బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. "ఇవాళ మీ ఇంటికి వస్తున్నాం," అన్నారు. హామీ సంతకం పెట్టింది నాయినే. ఆయన్ను నలుగురిలో నిలదీస్తారేమోనని ల్యాబ్ వదిలేసి బయల్దేరాను. శామీర్‌పేటలోని కాలేజీ నుంచి మేడ్చల్‌లోని ఇంటిదాకా ఆటోలో వచ్చాను. వాకిట్లో ఎవరిదో కొత్త బండి కనిపించగానే గబగబా లోపలికి నడిచాను.

లోపల బ్యాంకు మనిషి చాయ్ తాగుతున్నాడు.

"నువ్వింకా చదువుతున్నవని కాలేజీల కాయిదం రాయించుకొస్తే, చదువు అయ్యేదాక ఆగుతరంట," అన్నాడు నాయిన. "గింత పరేషాన్ల ఉండి నాకెందుకు చెప్పలే బిడ్డా?"

మర్నాడే బ్యాంకులో కాగితం ఇచ్చాను. వాయిదాలు ఆగాయి. అయినా తెలియని నంబరు నుంచి ఫోన్ మోగితే ఎత్తడానికి ఇప్పటికీ చెయ్యి రాదు.