ఎలాదియో ఆపని రికార్డింగు

పొద్దున పాలు కాచుకోగానే ఫ్రిజ్ ప్లగ్గు పీకేయడం నెలీదాకు ఏళ్లనాటి అలవాటు. లేకపోతే దాని కరెంటు మోత చేపల తొట్టెలోని తీగల్లోకి దూరేది. ఆమె భర్త ఎలాదియో మోంటెవీడియో విశ్వవిద్యాలయంలో కరెంటు చేపల్ని సాకినవాడు. రిటైరయ్యాక ఒకదాన్ని ఇంటికే తెచ్చుకుని, అది ఒంట్లోంచి కొట్టే సన్నటి కరెంటును రోజూ కంప్యూటర్లో రికార్డు చేసేవాడు. పనయ్యాక ఫ్రిజ్ ప్లగ్గు మళ్లీ పెట్టడం మాత్రం అతనికి ఏనాడూ గుర్తుండేది కాదు. ఇప్పుడు ఫ్రిజ్ రోజంతా ఆడుతూనే ఉంది.

ఆ చివరి పొద్దున ఆమె సంతకు వెళ్తూ "పోయొస్తా" అంది. అతను తల తిప్పలేదు. అలిగాడనుకుంది. తిరిగొచ్చేసరికి కుర్చీలోనే ప్రాణం పోయి ఉంది. తను తలుపు వేసేటప్పటికే పోయాడా? అప్పట్నుంచీ ఇదే ఆమెను తొలిచేస్తోంది.

అతని దగ్గర పని నేర్చుకున్న రొమీనా ఒక లైబ్రరీ రాసింది. పుస్తకాలది కాదు, రకరకాల యంత్రాలు రికార్డు చేసిన ఫైళ్లను చదివిపెట్టే ప్రోగ్రాము. అది ఆ రోజు ఫైలును మాత్రం ఖాళీ అని చూపించింది.

"ఖాళీ కాదు, నెలీదాగారూ. రికార్డింగు ఆపినప్పుడే దాని పొడవు ఫైలు మొదట్లో పడుతుంది. ఆయన ఆపలేదుగా, అక్కడ సున్నానే ఉండిపోయింది. నా లైబ్రరీ దాన్ని నమ్మేసింది."

"బాగానే పెంచావు దాన్ని."

"ఇక నమ్మొద్దని చెప్పాలెండి. ఫైలు ఎంతుందో చూసి అదే లెక్కేసుకుంటుంది."

రొమీనా ఆ మార్పు చేయగానే తెర మీద గీత కదిలింది. చేప కరెంటు కొట్టినప్పుడల్లా సమంగా పడుతున్న ముళ్లు ఒకచోట గబగబా దగ్గరయ్యాయి.

"ఇక్కడేమైంది?"

"చేప ఉలిక్కిపడింది. మీరు తలుపు వేసినప్పుడై ఉంటుంది."

ఇంకొంత దూరం పోయాక గీత లావెక్కింది.

"ఇది కరెంటు మోత. తీసేయమంటారా? చిటికెలో పోతుంది."

"ముట్టుకోకు." నెలీదా ముఖం తెరకు ఆనించినంత పని చేసింది. "అది నా ఫ్రిజ్. పైన టైము చూడు, నేనింకా సంతలో ఉల్లిపాయలు ఏరుకుంటున్నాను. ఇంట్లో ఇంకెవరున్నారు? లేచి వెళ్లి తనే ప్లగ్గు పెట్టాడు. పాలు విరిగిపోతాయని నేను తిట్టీ తిట్టీ..."

ఆ వెంటనే చేప మళ్లీ ఉలిక్కిపడింది. "వచ్చి కూర్చున్నట్టున్నారు," అంది రొమీనా మెల్లగా.

బయట వాన మొదలైంది. గోడ అవతలి నుంచి పక్కింటి ఇర్మా కేకేసింది. "నెలీదా, దుప్పట్లన్నీ తడుస్తున్నాయి. చెవుడొచ్చిందా ఏమిటి?"

"తడవనీవే," అని కుర్చీ ముందుకు జరుపుకుంది నెలీదా. "తర్వాతేం చేశాడో చూద్దాం. ఊఁ, జరుపు, పిల్లా."