ఆర్కిడ్ కుండీలో కలుపు

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన నన్ను "తిన్నావా?" అని అడిగిన సందర్భాలన్నీ నాకు గుర్తున్నాయి. తక్కువ కాబట్టి గుర్తున్నాయి. ఆ ఆర్కిడ్ మొక్కని మాత్రం పొద్దున్నే పళ్ళయినా తోముకోకుండా మేడెక్కి, "ఏమ్మా, రాత్రి ఉక్కపోసిందా?" అని అడిగేవారు.

ఆటోనగర్‌లో ఇనప పనుల లేతు షాపు నడిపిన మనిషి. షాపుని తమ్ముడికి అప్పజెప్పి ఇంట్లో కూర్చున్న కొత్తల్లో, ఏలూరు పెళ్ళి నుంచి వస్తూ హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆగాం. పక్కనే నర్సరీ. ఊదారంగు పువ్వులతో ఇది కనబడింది. "దీన్ని చూస్తే మనసు చల్లబడిందోయ్," అన్నారు. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను.

ఇంటికొచ్చాక తెలిసింది దాని సంగతి. దానికి మట్టి గిట్టదట. కొబ్బరి డొప్ప ముక్కల్లో, బొగ్గుల్లో ఉంటుందట. ఎండ గిట్టదు. వడగాలి గిట్టదు. బోరు నీళ్ళు అసలే గిట్టవు. మా అత్తగారి తర్వాత ఇన్ని గిట్టని ప్రాణిని మళ్ళీ ఇక్కడే చూశాను. బెజవాడ ఎండాకాలం దానికి పడదని మేడ మీద ఆకుపచ్చ వల కట్టించి, టేబుల్ ఫ్యాను పెట్టి, మేం తాగే టిన్ను నీళ్ళు సీసాలో పోసి, పసిపిల్లకి పౌడరు అద్దినట్టు రెండు పూటలా చిలకరించేవారు. ఇంత చేస్తే ఆ మహారాణి వచ్చిన నెలకే పువ్వులన్నీ రాల్చేసి నాలుగు ఆకులతో కూర్చుంది. ఈయన సేవ అంతా ఆ నాలుగు ఆకులకే.

అదే మేడ మీద, ఆ వల పక్కనే, పాత పెయింటు డబ్బాలో నా పొట్లపాదు ఉండేది. దాని వైభోగం కూడా చెప్పాలి. గుర్తున్న రోజు బియ్యం కడుగు పోస్తాను. లేని రోజు లేదు. బట్టలారేసే తీగల మీదకి అదే పాకింది. పిందె వంకర తిరగకుండా అందరూ కొసకి రాయి కడతారు. మా ఇంట్లో రాళ్ళకి బదులు ఆటోనగర్ నట్లు. పసిపిందె కొసకి ఇనప నట్టు కట్టి వేలాడదీస్తే అది నోరెత్తకుండా నిటారుగా మూరెడు సాగేది. ఇక దిష్టికి ఒక పాత చెప్పు. మేం ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవాళ్ళం, దిష్టిని నమ్మం. కానీ పొట్లపాదు బాప్తిస్మం తీసుకోలేదు కదా!

నవ్వులాటకి చెబుతున్నాను గాని, ఆ పాదు మీద నా ప్రాణం ఉంది. ఆ విత్తనాలు మా అమ్మవి. మైలవరంలో మా అమ్మ ఏటా ఒక కాయని పండనిచ్చి, విత్తనం తీసి, బూడిదలో కలిపి దాచేది. తెల్లచారల కాయ, లేతది, చేదు అన్నమాటే లేదు. పాలు పోసి వండితే కూర గిన్నె గీకి తినేవాళ్ళం. కిందటేడు అమ్మ పోయింది. ఆమె దాచిన ఆఖరి విత్తనాలన్నీ డబ్బాలో వేస్తే మొలిచింది ఒక్కటే. అందుకే మొదటి కాపులు వండుకున్నా, ఒక్క కాయని మాత్రం విత్తనానికి వదిలేశాను. అది పండితే మా అమ్మ పొట్ల ఉంటుంది. లేకపోతే ఇక లేదు.

ఆ కాయ పండుబారే రోజుల్లోనే మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. ప్రార్థనయ్యాక ఈయన పాస్టరు అయ్యగారిని ఆర్కిడ్ దర్శనానికి మేడెక్కించారు. అయ్యగారు నాలుగు ఆకుల్నీ మెచ్చుకుని, ఇటు తిరిగి, పొట్లపాదుకి వేలాడుతున్న చెప్పుని చూశారు.

"అదేంటమ్మా?"

"తడిసిందయ్యగారూ, ఆరేశాను."

"ఒక్కటేనా?"

మా ఆయనకి తల తీసేసినట్టయింది. ఆయన సంఘపెద్ద మరి. అయ్యగారు మెట్లు దిగారో లేదో ఈయన మొదలుపెట్టారు. "తీసి అవతల పారెయ్, పరువు పోతోంది!" దాన్ని ముట్టుకుంటే మీ కాఫీ మీరే కాచుకోండి అన్నాను. అంతటితో చెప్పు బతికింది.

తర్వాత అమ్మ సంవత్సరీకపు కూడికకి మైలవరం వెళ్ళాల్సి వచ్చింది. చెల్లెలు పంపక మరి కొన్నాళ్ళు ఉండిపోయాను. వెళ్ళేముందు ఆయన్ని మేడ మీదకి లాక్కెళ్ళి కాయని చూపించి మరీ చెప్పాను. "ఇది విత్తనానికండీ. దీని జోలికి వెళ్ళొద్దు. నేనొచ్చాకే కోస్తాను." సరే సరే అన్నారు, ఆర్కిడ్ ఆకు తుడుస్తూ. రోజూ ఫోన్ చేసేవారు. నా ఆరోగ్యం అడగడానికి కాదు. "ఏమోయ్, మన దానికి మొగ్గ కాడ వచ్చింది!" అని చెప్పడానికి.

తిరిగొచ్చి సంచి గుమ్మంలో పడేసి మేడెక్కితే, కాయ లేదు. తొడిమ వేలాడుతోంది. చెప్పూ లేదు.

"కాయేదండీ?"

"నేను ముట్టుకోలేదోయ్. నువ్వు ముట్టుకోవద్దన్నావుగా! దానంతటదే పగిలింది. ఎర్రటి జిగురు, దాన్నిండా గరుకు గరుగ్గా నల్లటి పురుగులు! తిన్నగా ఆర్కిడ్ మీద పడ్డాయి. వేపనూనె కొట్టి, నేలంతా ఊడ్చి, ఆ చెప్పుతో సహా చెత్తబండిలో వేసేశాను. సమయానికి చూశాను కాబట్టి సరిపోయింది."

అరికాలి మంట నెత్తికెక్కింది. "పురుగులా? అవి విత్తనాలండీ! మా అమ్మ విత్తనాలు! ఇన్నేళ్ళు పొట్లకాయ కూర మింగారు, దాని గింజ ఎలా ఉంటుందో తెలియదా?" ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను మెట్ల మీద కూలబడి, అమ్మ పోయినరోజు ఏడ్చినట్టు ఏడ్చాను. పాపం, ఓదార్చాలనే అన్నారు గాని, "పోనీలేవోయ్, విత్తనాల కొట్లో ఇంకా మంచివి దొరుకుతాయి," అన్నారు. దాంతో మా ఇంట్లో మాటలు ఆగిపోయాయి.

కంచం ముందు పెట్టేదాన్ని, పలికేదాన్ని కాదు. ఆయన కాఫీ ఆయనే కాచుకున్నారు. మేడ మీదకి వెళ్ళబుద్ధయ్యేది కాదు. పాదు ఎండిపోయిందని కిందనుంచే కనబడేది. ఆయన మాత్రం ఇంకాస్త ఎక్కువసేపు ఆర్కిడ్ దగ్గరే కూర్చునేవారు. మొగ్గలు లావెక్కుతున్నాయని పనిమనిషికి చెబుతుంటే వినబడి నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు వాన మబ్బు పడితే బట్టలు తీయడానికి వెళ్ళక తప్పలేదు. ఈయన పీట వేసుకుని, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి, చిన్న పట్టకారుతో కుండీలోంచి ఏదో లాగుతున్నారు. నేను చూశానని అదే అదనుగా మాట కలిపారు.

"కలుపోయ్. డొప్పల సందుల్లోంచి రోజూ మొలుస్తోంది, దరిద్రం. ఎప్పటికప్పుడు పీకేస్తున్నాను. నా కన్నుగప్పి ఒక్కటి మిగల్లేదు."

పిట్టగోడ మీద ఆయన పీకిన కలుపు వరసగా వాడిపోయి ఉంది. మందంగా రెండేసి ఆకులు. ఒకదాని నెత్తిన ఇంకా టోపీలాగా గింజ తొక్క అతుక్కుని ఉంది. గరుకు గరుగ్గా, నల్లగా.

"చెయ్యి తియ్యండి!"

నా అరుపుకి పట్టకారు కింద పడింది. అది పట్టుకోబోయిన మొలక కుండీలో అలాగే ఉంది, తల వంచుకుని. ఆఖరిది. నేను వేలుపెట్టి చూపించాను. ఆయన పిట్టగోడ మీది గింజ తొక్కని చూశారు, నన్ను చూశారు. అప్పుడు తెలిసింది ఆయనకి. "అమ్మో," అన్నారు మెల్లగా. ఆ మాట నాతో అన్నది కాదు.

మొలక వేరు డొప్పల సందుల్లోంచి ఆర్కిడ్ వేళ్ళలోకి దిగిపోయింది. మొగ్గలున్నప్పుడు కుండీ కదిలిస్తే మొగ్గలు రాలిపోతాయని ఆయనే నాకు ఫోన్‌లో పాఠం చెప్పి ఉన్నారు. నేనేమీ అడగలేదు. ఆయనే కుండీని ఒళ్ళోకి తీసుకుని, బోర్లించి, లేతు పట్టిన ఆ మొరటు వేళ్ళతో ఒక్కొక్క డొప్ప ముక్కా విడదీశారు. మొగ్గలు ఒకటొకటిగా ఆయన లుంగీ మీద రాలాయి. తల ఎత్తి చూడలేదు. డొప్ప ముక్కతో సహా మొలకని పెయింటు డబ్బాలోకి మార్చి, టిన్ను నీళ్ళ సీసా తీసి చిలకరించబోయారు.

"దానికి ఆ అలవాట్లు నేర్పకండి. బియ్యం కడుగు చాలు," అన్నాను. ఇందాకటి అరుపుని వదిలేస్తే, అన్నాళ్ళ తర్వాత నేను మాట్లాడిన మొదటి మాట అది.

ఆయన సీసా కింద పెట్టి, గబగబా మెట్లు దిగి వెళ్ళారు. వచ్చేటప్పుడు చేతిలో చర్చికి వేసుకెళ్ళే తోలు చెప్పు ఉంది. స్టూలెక్కి, బట్టల తీగకి దాన్ని కట్టడం మొదలుపెట్టారు.

"అయ్యగారు చూస్తేనో?"

"తడిసిందని చెబుదాం."

"ఒక్కటేనా అంటే?"

ఆయన ముడి బిగించి కిందకి చూశారు. "రెండోది కూడా పట్రా," అన్నారు.