మొగ దగ్గర సుత్తి చప్పుడు

మా పక్కింటి సంతోషకుమారికి నీళ్లంటే భయం. ప్రత్తిపాడు వైపు మిరపకోతలకు వెళ్తూ పెరిగిన మనిషి, పెళ్లయి నిజాంపట్నం వచ్చేదాకా సముద్రం చూడలేదు. దేవుడు చూసి చూసి ఆమెను ప్రభుకే కట్టబెట్టాడు. బోట్లవాళ్లు పోగొట్టుకున్న లంగర్లనూ వలలనూ నీళ్లలో మునిగి వెతికి తీయడం అతని పని.

పడవలో కాపలా ఆమెదే. ఏదైనా బోటు ఇటు వస్తుంటే పడవకున్న ఇనుప పట్టీ మీద సుత్తితో కొట్టాలి. అది వింటే ప్రభు లంగరు తాడు పట్టుకుని పడవ పక్కనే తేలతాడు. వినపడకపోతే దారి ఖాళీ అనుకుని, ఊపిరి చాలనిచోటే పైకి వచ్చేస్తాడు. ఏళ్ల తరబడి ఆ లెక్క తప్పలేదు.

నిరుడు వానలకు కాలువలన్నీ పొంగి, అవి సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లు ఎర్రగా మారాయి. జల్లు పడుతోంది. ప్రభు మునిగాక ఒక మరబోటు మలుపు తిరిగి వచ్చింది. ఆమె కొట్టింది. తాడు కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టింది. చేతులూపి అరిచినా బోటువాళ్లు చూడలేదు. ప్రభు తల సరిగ్గా బోటు ముందే తేలింది.

బోటు అతని భుజాన్ని గీసుకుంటూ పోయింది. పడవలోకి లాగాక ఆమె అతని చెంప మీద ఒక్కటిచ్చింది.

"కొడతానే ఉన్నా గదయ్యా, చెవుల్లో ఏం పెట్టుకున్నావ్?"

"నీ సుత్తీ వినపళ్ళా, వాడి ఇంజనూ వినపళ్ళా. పైనంతా వరదనీళ్లు, కింద ఉప్పునీళ్లు. పైన చప్పుడు పైపైనే పోయింది. దానికి తోడు వాన మోత."

"వినపళ్ళేదని ఏం లేదనుకున్నావా?"

"మనం పెట్టుకుంది అదే గదా."

దాంతో ఇద్దరూ లెక్క తిరగేశారు. ఇప్పుడు దారి ఖాళీగా ఉన్నంతసేపూ ఆమె కొడుతూనే ఉంటుంది. చప్పుడు ఆగినా, అందకపోయినా అతను తాడు పట్టుకుంటాడు. పద్ధతి మంచిదే, కాదనను. కానీ ఆమెకు తిండి సయించడం లేదు. ఇదివరకు బోటు కనిపిస్తేనే భయం. ఇప్పుడు కొట్టే ప్రతి దెబ్బా 'పైకి రా, పూచీ నాది' అన్నట్టే.

మొన్న మబ్బు పట్టి మలుపు అవతల మసకగా ఉంది. బోటేమీ కనిపించలేదు. అయినా ఆమె ఎత్తిన సుత్తి దించలేకపోయింది. ప్రభు తాడు పట్టుకుని దగ్గుతూ పైకొచ్చాడు.

"ఏదే బోటు?"

"లేదు."

"మరెందుకు ఆపావ్?"

"లేదని నీకు చెప్పాలంటే భయమేసింది."