తప్పెరగని బావగారు

ఆఫీసులో అందరూ ఆయన్ని బావగారనే పిలుస్తారు. అందరి ఫైళ్లూ దాచే పెద్ద కంప్యూటర్‌ని, అంటే సర్వర్‌ని, చూసుకునే అమ్మాయి ఆయనకు స్వయానా మరదలు. ఆమె పిలుపే అందరికీ అంటుకుంది. మిగతా కంప్యూటర్ల నుంచి ఆ సర్వర్‌లోని ఫైళ్లను అందుకునే ప్రోగ్రాం బావగారిది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కాఫీ ఒలికితే టేబుల్ వంకర, బస్సు తప్పిపోతే గడియారానికి బద్ధకం. "తప్పు నాదే" అన్న మాట బుద్ధెరిగాక ఆయన నోట రాలేదు.

అలాంటి మనిషికి ఒక పైపు తగులుకుంది. నీళ్ల పైపు కాదు లెండి. ఒక ప్రోగ్రాం ఇటు పోస్తుంటే ఇంకో ప్రోగ్రాం అటు పట్టుకునే ప్రత్యేకమైన ఫైలు. సర్వర్ మీద దాన్ని సృష్టించమంటే బావగారి తెర మీద మామూలు ఫైలు కనిపిస్తోంది. పోసింది అవతలికి చేరకుండా పోసినట్టే వెనక్కి వస్తోంది. అవతల రిపోర్టులు అచ్చువేసే ప్రోగ్రాం నోరు తెరుచుకుని కూర్చుంది.

"నీ సర్వర్‌కి పైపు చెయ్యడం రాదు!" అని ఈ మూల నుంచి కేకేశాడు బావగారు.

"నా దగ్గర బంగారంలాంటి పైపే ఉంది బావగారూ! మీ ప్రోగ్రాంకే కళ్లు లేవు!" అని ఆ మూల నుంచి మరదలు.

ఇద్దరిలో ఒక్కరూ కుర్చీ దిగరు. చివరికి పందెం పడింది. తప్పు ఎవరిదైతే వాళ్లు ఆదివారం అత్తగారింట్లో భోజనాల దగ్గర, అందరి ముందూ, "తప్పు నాదే" అనాలి. బావగారు దర్జాగా ఒప్పుకున్నాడు.

మర్నాడు ఏసీ కారి ఆయన కుర్చీ తడిసింది. గతిలేక వెళ్లి, మరదలు లేని సమయాన ఆమె కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద నిక్షేపంగా పైపు! పరుగున వచ్చి తన ప్రోగ్రాం తిరగేశాడు. అది పైపు చెయ్యమని సర్వర్‌ని అడుగుతుంది. జవాబు మాత్రం చూడదు. మామూలు ఫైలేనని తనంతట తానే రాసేసుకుంటుంది.

చప్పుడు చెయ్యకుండా సరిదిద్దేశాడు. "సర్వర్ దానంతటదే సర్దుకుంది" అనేస్తే పోలా? ఆ మాట నోట్లో సిద్ధంగా ఉంచుకున్నాడు. అంతలో మరదలు వచ్చింది, కళ్లు పీక్కుపోయి.

"సర్వరంతా వెతికాను బావగారూ. లోపమేమీ దొరకలేదు. పట్టుకోవడం నాకే చేతకాలేదేమో. ఆదివారం నేనే చెప్పేస్తాలెండి."

ఆయనకు నిజంగా సిగ్గేసింది. అయినా నోరు పెగల్లేదు. పాతికేళ్ల తుప్పు మరి.

ఆదివారం ఆమె గొంతు సవరించుకుంది.

"తప్పు నాదే!" అని అరిచాడు బావగారు.

గరిటె జారి పడింది. అత్తగారు కంగారుగా వచ్చి నుదురు పట్టుకు చూసింది. "ఒళ్లు కాలడం లేదే! ఏమైంది బాబూ?"

"నా ప్రోగ్రామే అత్తయ్యగారూ. అడుగుతుంది. జవాబు వినదు. తనకు తోచిందే ఖాయం చేసుకుంటుంది."

భార్య నీళ్ల గ్లాసు కింద పెట్టింది.

"ఈ ప్రోగ్రాంతో నేను పెళ్లైనప్పటి నుంచీ కాపురం చేస్తున్నాను."

బావగారు ఏదో అనబోయి, ఆగాడు. ముందు ఆమె చెప్పేదంతా వినాలనుకున్నాడు. చాలానే ఉంది. వింటూ ఉంటే కూరలన్నీ చల్లారిపోయాయి.