డెసిబెల్‌కు దొరకని చప్పుడు

కోదాడలో మా సంఘం కూడుకునే హాలు ఒకప్పుడు సిమెంటు గోడౌన్. ఎంత కడిగినా చాపలు ఎత్తితే ఇప్పటికీ బూడిదరంగు పొడి లేస్తుంది. హాలుకూ పక్కింటి వంటగదికీ మధ్య ఉన్నది ఒకే గోడ. ఓనరు సూర్యాపేటలో ఉంటాడు. ఆయన ఒక శనివారం మా ఆయనకు ఫోన్ చేశాడు. మా ఆయన ఆ సంఘానికి పాస్టరు. చప్పుడు ఎక్కువైందని పక్కింటివాళ్లు మళ్లీ ఫిర్యాదు చేశారనీ, నెలాఖరులోగా వాళ్లతో మాట్లాడి సర్దుకోకపోతే హాలు ఖాళీ చేయాల్సి ఉంటుందనీ చెప్పాడు. కోపంగా ఏమీ అనలేదు. అందుకే మాకు ఎక్కువ భయం వేసింది.

ప్రార్థనలకు హాలు ఇచ్చేవాళ్లు దొరకడం ఎంత కష్టమో మాకు తెలుసు. అంతకుముందు ఒక విశ్వాసి ఇంటి డాబా మీద, షామియానా కింద ఆరాధన చేసుకునేవాళ్లం. ఎండాకాలంలో ముసలివాళ్లకు కళ్లు తిరిగేవి. వానాకాలంలో వాక్యం మధ్యలోనే అందరం మెట్ల మీదికి పరుగెత్తేవాళ్లం. ఈ హాలు దొరికిన రోజు నేను నేల మీద మోకరించి ఏడ్చాను. మళ్లీ ఆ డాబా మీదికి వెళ్లాలంటే మా ముసలివాళ్లలో సగంమంది రాలేరు.

నిజం చెప్పాలంటే, పక్కింటామె బాధ నాకు మొదట్లో అర్థం కాలేదు. నేను పుట్టి పెరిగింది మిర్యాలగూడలో, రైస్‌మిల్లు వెనక సందులో. రాత్రీ పగలూ మిల్లు నడుస్తుంటే హాయిగా నిద్రపోయేవాళ్లం. కరెంటు పోయి మిల్లు ఆగితేనే మెలకువ వచ్చేది. ఆదివారం పూట రెండు గంటల పాటలకు ఒక ఇంట్లో ఇంత ఇబ్బంది ఏమిటని అనుకున్నాను.

ఆ మర్నాడు ఆరాధన అయ్యాక మా ఆయన సంగతి అందరికీ చెప్పాడు. స్త్రీల ప్రార్థన నడిపే పెద్దమ్మ అందరికంటే ముందు లేచింది.

"ఇది శోధన అయ్యగారూ. కీర్తనల్ల ఏమున్నది? తాళాలు గట్టిగ కొట్టి స్తుతించుమనే గద. మనం తగ్గించుడేంది?"

మా సంఘంలో ఒక సారు ఉన్నాడు. రోజూ బస్సెక్కి చివ్వెంల వైపు ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి వస్తాడు. ఆయన నవ్వుతూ అన్నాడు.

"గుహల దాక్కున్న ప్రవక్త దగ్గరికి దేవుడు గాలిల రాలేదు, భూకంపంల రాలేదు, సన్నటి స్వరంల వచ్చిండు. అది గూడ రాసిందే గద పెద్దమ్మా."

"ఆ ప్రవక్తకు చెవులు మంచిగున్నయి సారూ. నాకు మైకు లేకపోతే ఒక్క ముక్క ఇనబడదు."

అందరూ నవ్వారు. సారు మాత్రం వదల్లేదు. ముందు కొలుద్దాం అన్నాడు. కొలవకుండా ఎక్కువ తక్కువ అంటే అది ఎవరికి తోచిన మాట వాళ్లదవుతుంది అన్నాడు. తన ఫోన్‌లో ధ్వని తీవ్రత చూపించే యాప్ ఒకటి పెట్టుకున్నాడు. దాని కొలత డెసిబెల్ అనీ, కిలోల్లాగా వరసగా పెరిగేది కాదనీ చెప్పాడు.

"పది పెరిగితే శక్తి పదింతలు అయినట్టు. ఇరవై పెరిగితే నూరింతలు."

"ఇరవైకి ఇరవయ్యింతలు గాదా?" అంది పెద్దమ్మ.

"కాదు. నూరే."

"గిదేం లెక్క సారూ. గిట్ల లెక్కేసి కిరాణం నడుపుతే నెలల దుకాణం మూస్తరు."

నీళ్లను అరచేతి పుడిసిట కొలిచి, కొండలను త్రాసులో తూచిన దేవుడి గురించి నేను చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను. అయినా నోటి నుంచి వెళ్లిపోయే పాటకు కూడా కొలత ఉంటుందని అప్పటిదాకా ఆలోచించలేదు.

తర్వాతి ఆదివారం సారు పక్కింటి గోడ దగ్గర కుర్చీ వేసి దాని మీద ఫోన్ పెట్టాడు. అలాంటి ఆరాధన మా సంఘంలో అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. పాడుతున్న వాళ్ల కళ్లన్నీ కుర్చీ మీదే. అంకె పైకి పోతే గొంతులు తగ్గేవి. అంకె దిగితే మళ్లీ లేచేవి. ఒక చరణం చివర పెద్దమ్మ అలవాటుగా హల్లెలూయా అంది. అంకె ఒక్కసారిగా ఎగిరింది. ఆమె కొంగుతో నోరు మూసుకుని తలదించుకుంది. మా ఆయన ప్రసంగం చెప్పినంతసేపూ మైకు దగ్గర గుసగుసలాడుతున్నట్టే ఉంది. వెనక వరసలోంచి ఎవరో, "అయ్యగారూ, మీ పెదవులు కదులుడే కనబడ్తున్నది" అన్నారు.

అయినా సారు మొఖం వెలిగింది. మొదటి పాటకంటే చివరి పాటకు అంకె బాగా దిగిందని చెప్పాడు. నేను సంతోషంగా ఆ సాయంత్రమే సేమ్యా చేసి గిన్నెలో పెట్టుకుని పక్కింటికి వెళ్లాను. ఆమె వయసులో నాకంటే చిన్నది. నన్ను అక్కా అంటుంది. గిన్నె అందుకుని పక్కన పెట్టింది.

"ఇయ్యాల ఎట్లుంది చెల్లె? తగ్గిందా?"

"ఏం తగ్గింది అక్కా. అట్లనే ఉంది. మా ఆయన ఇయ్యాల కూడా నిద్రలోంచి లేచి కూర్చున్నాడు."

ఆమె భర్త మఠంపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ చేస్తాడు. పొద్దున వచ్చి పడుకుంటాడు. మిగతా రోజుల్లో నిద్ర పడుతుందనీ, ఆదివారం మాత్రం పట్టదనీ, ఆ రాత్రి డ్యూటీలో కళ్లు మూతలు పడుతుంటే మిషన్ల మధ్య తిరగాల్సి వస్తుందనీ చెప్పింది. ఆమె భయం మొదటిసారి నాకు తెలిసింది. ఆ నెలలో ఇంకొక్క ఆదివారమే ఉంది.

"మేం చాలా తగ్గించినం చెల్లె. ఫోన్‌లో కొలిచి మరీ తగ్గించినం."

"కొలిచింది మీ హాల్లో కదా. వచ్చే ఆదివారం వచ్చి నా పొయ్యి కాడ కూర్చో. నీకే తెలుస్తుంది."

పెళ్లయినప్పటి నుంచీ నేను ఊళ్లో ఉండి ఆరాధన మానింది లేదు. మా ఆయనకు చెబితే కాసేపు ఆలోచించి, "వెళ్లు. గోడకు ఇవతల నేను చూసుకుంటాను, అవతల నువ్వు చూడు" అన్నాడు.

అలా ఆ ఆదివారం పక్కింటి వంటగదిలో పీట మీద కూర్చున్నాను. ముందుగదిలో ఆమె భర్త పడుకుని ఉన్నాడు. ఆమె బీరకాయ చెక్కు తీస్తోంది. గోడలోంచి మా ఆరాధన వినబడింది. మాటలు తెలియడం లేదు. రాగాన్ని బట్టి ఏ పాటో పోల్చుకున్నాను. మా ఆయన గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది. నా సొంత సంఘాన్ని అలా బయటి మనిషిలా వినడం వింతగా అనిపించింది. మధ్యలో నా గొంతు లేదు, ఆ లోటు నాకు తప్ప ఎవరికీ తెలియదు. కానీ చప్పుడు మాత్రం ఎక్కువ లేదు. మరి ఈమె బాధ ఏమిటా అనుకుంటున్నాను.

పల్లవి తిరిగి రాగానే గోడకు బిగించిన గిన్నెల స్టాండు జిర్రుమంది. ఒక పళ్లెం ఇంకో పళ్లేనికి తగిలి సన్నగా మోగుతూనే ఉంది. పల్లవి అయిపోగానే ఆగింది. చరణంలో మౌనం. మళ్లీ పల్లవి రాగానే జిర్రుమని మొదలైంది. ముందుగదిలో మంచం కిర్రుమంది.

"లేచాడు చూడు" అంది ఆమె. "మీ పాటలకు లేవడక్కా. ఫ్యాక్టరీ హోరులో పనిచేసే మనిషి పాటకు లేస్తాడా? గిన్నెలు కదిలితే పిల్లి వచ్చి పాలు పారబోసిందనుకుని లేస్తాడు."

నేను లేచి గోడకు అరచెయ్యి ఆనించాను. పల్లవిలో కీబోర్డు లోతుగా మోగినప్పుడల్లా గోడ చేతికి తెలుస్తోంది. ఆరాధన చివరి ఆశీర్వాదం అయ్యేదాకా ఆగి, సందు తిరిగి హాలుకు వెళ్లి సారును తీసుకొచ్చాను. ఆయన స్టాండును చూశాడు. గోడను తట్టాడు. తర్వాత కీబోర్డు వాయించే తమ్ముడికి ఫోన్ కలిపాడు. పాటలో ఉన్న కింది స్వరాలను ఒక్కొక్కటిగా నొక్కి పట్టుకోమన్నాడు.

"ఇంక జర కిందికి... అది కాదు... ఇంకొకటి... ఆగు. గదే. పట్టుకో."

పళ్లేలన్నీ మోగాయి. పక్క స్వరం నొక్కితే ఒక్కటీ కదల్లేదు. సారు ఫోన్‌లో ఇంకేదో తెరిచి చూసి, ఎనభై హెర్ట్జ్ దగ్గర ఉందన్నాడు. సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో అది పౌనఃపున్యమనీ, ప్రతి వస్తువుకూ తనదైన ఊపు ఒకటి ఉంటుందనీ, బయటి నుంచి సరిగ్గా అదే ఊపు తగిలితే చిన్న చప్పుడుకు కూడా వస్తువు గట్టిగా కదులుతుందనీ, దాన్ని అనునాదం అంటారనీ తరగతిలో చెప్పినట్టే చెప్పాడు.

"అంటే నా స్టాండుకు మీ పాట మొత్తంలో ఒక్క స్వరమే నచ్చిందన్నమాట" అంది ఆమె.

"అంతే చెల్లె. మేం తగ్గించింది మైకును. కీబోర్డు బేస్ స్పీకరు పెట్టెను ముట్టనే లేదు. ఆ పెట్టె నీ గోడకే ఆనిచ్చి ఉన్నది. ఈ ఫోన్ గూడ చెవి లెక్కన కొలుస్తది. గసుంటి లోతు సప్పుడును లెక్కల తక్కువ పట్టుకుంటది."

కీబోర్డు తమ్ముడూ ఇంకో ఇద్దరూ కలిసి పెట్టెను హాలు అవతలి మూలకు జరిపారు. దాని కింద పాత టైరు ముక్కలు పెట్టారు. బేస్ బటన్ కొంచెం తిప్పారు. ఇక సరిపోయినట్టే అనుకున్నాం. పక్కింటామె మాత్రం ఒప్పుకోలేదు.

"ఆయన మళ్లీ పడుకుంటాడు. మంచి నిద్రలోకి వెళ్లాక మీరు ఎప్పట్లాగే పాడండి. మైకు పెట్టే పాడండి. లేవకపోతే అప్పుడు నమ్ముతా."

ఆమె అడిగింది న్యాయమే. ఆ ఆదివారం భోజనాలు ఉండడంతో సంఘమంతా హాల్లోనే ఉంది. విస్తళ్లు పక్కన పెట్టి ఒక మనిషి నిద్రపోవాలని అందరూ ఎదురుచూశారు. నేను మళ్లీ పీట మీద కూర్చున్నాను. ముందుగదిలోంచి గురక మొదలయ్యాక సారుకు ఫోన్ చేశాను.

పాడారు. మూడు ఆదివారాల భయాన్ని ఒక్క పాటలో వదిలించుకున్నట్టు పాడారు. మైకు ఉంది, తప్పెట ఉంది, చప్పట్లు ఉన్నాయి. పల్లవి దగ్గర పడుతుంటే చేతులు జోడించాను. ప్రభువా, ఆ మనిషికి నిద్ర ఇవ్వు అన్నాను. అంతకంటే ఏం అడగాలో తెలియలేదు. పల్లవి వచ్చింది. ఆమె ఒక పళ్లెం అంచు మీద వేలు ఆనించి నిలబడింది. స్టాండు కదల్లేదు. చరణం అయింది. మళ్లీ పల్లవి. పెద్దమ్మ హల్లెలూయా గోడ దాటి స్పష్టంగా వినబడింది. మంచం కిర్రుమంది. ఇద్దరం ముందుగది వైపు చూశాం. ఆయన అటు తిరిగి పడుకున్నట్టుంది, గురక ఇంకా గట్టిగా మొదలైంది.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతూనే ఫోన్ తీసి సూర్యాపేటకు కలిపింది. నాకు కూడా వినబడేలా పెట్టింది.

"అన్నా, చప్పుడు సంగతి అయిపోయింది. ఇక వాళ్లతో నాకేం ఇబ్బంది లేదు."

"గట్లనా? గీ పాట ఎక్కడిది మరి? నాకు గీడికే ఇనబడ్తున్నది."

"వాళ్లదే. మా ఆయన పండుకున్నడు."

"నాకైతే ఏం సమజ్ కాలే చెల్లె. నువ్వు మంచిదంటే మంచిదే. ఉండుమను."

నేను ఆమె చేతులు రెండూ పట్టుకున్నాను. ఏదో చెప్పబోతే, "పో అక్కా, వాళ్లు గొంతులు చించుకుంటున్నారు" అంది.

సందు తిరిగి హాలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వాళ్లు మూడో పాటలో ఉన్నారు. ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆపలేదు. అందరూ నా వైపు చూశారు, కానీ నోళ్లు మాత్రం పాడుతూనే ఉన్నాయి. నేను తలూపాను. మా ఆయన కళ్లు మూసుకున్నాడు. పెద్దమ్మ పాట మధ్యలోనే, "ఇగ అన్నం పెట్టుర్రి" అంది. చెప్పులు విడిచి ఆమె పక్కన చాప మీద కూలబడ్డాక, పొద్దుటి నుంచీ నేనేమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.