అటు పక్క పట్టే మనిషి

నేను రోజుకి ఎనిమిది గంటలు ఒక బొమ్మ మనిషికి నడుంనొప్పి తెప్పిస్తుంటాను. అదే నా ఉద్యోగం. హైటెక్ సిటీలో ఒక కార్ల కంపెనీ వాళ్ల ఇంజనీరింగ్ ఆఫీసు, ఏడో అంతస్తు, కిటికీ పక్క సీటు. కంప్యూటర్లో ఉండే ఆ బొమ్మకి జుట్టుండదు, ముఖముండదు, ఒళ్లంతా బూడిద రంగు. దాని చేత కారు తలుపులు తీయిస్తాను, డిక్కీలో పెట్టెలు పెట్టిస్తాను. బరువు మితిమీరితే దాని నడుం పచ్చ నుంచి పసుపుకి, పసుపు నుంచి ఎరుపుకి మారుతుంది. ఎరుపొచ్చిందంటే ఆ బండి కొన్నవాళ్లు మమ్మల్ని తిట్టుకుంటారని అర్థం.

పోయినేడు మా కంపెనీ పెద్దాయన ఎక్కడో విదేశంలో వేదికెక్కి, కొత్త తరం పికప్ ట్రక్కు తెస్తున్నాం, చిన్నది, మామూలు జీతగాళ్లు కొనుక్కోగలిగేది అని ప్రకటించాడు. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక సామాను వేసుకోడానికి పైకప్పు లేని తొట్టి. అంతే బండి. మన దగ్గర అమ్మరు. అక్కడి జనం సోఫాలూ ఫ్రిజ్‌లూ సొంతంగా వేసుకుని పోతారట, వాళ్ల కోసం. ఆయన అక్కడ చప్పట్లు కొట్టించుకున్న మర్నాటి నుంచీ ఇక్కడ మాకు ఒకటే ప్రశ్న మొదలైంది: ఈ భాగం అవసరమా? ఇది తీసేస్తే ఏమవుతుంది? చవక బండి అంటే అందులో ఉన్నవాటి కంటే లేనివాటి మీద ఎక్కువ పని చేయాలని నాకప్పుడే తెలిసింది.

దానికింకా పేరు లేదు. మేం చిన్న బండి అనేవాళ్లం. వెనక తలుపు ఎత్తు, తొట్టి అంచు నా వంతుకొచ్చాయి.

ఇక్కడ నేనాడిన అబద్ధం గురించి చెప్పాలి. ఈ ఆఫీసులో చేరిన మొదటి రోజు, భోజనాల దగ్గర ఎవరో "మీవారు ఏం చేస్తారండీ?" అని అడిగారు. అప్పటికి ఆయన పూణే బదిలీ చేయించుకుని వెళ్లి ఆరు నెలలు. వెళ్లడం అంటే మామూలు వెళ్లడం కాదు, విడాకుల కాగితాల మీద ఇద్దరం సంతకాలు పెట్టేశాం. ఆ మాట ముక్కూ మొహం తెలియని నలుగురి ముందు, చేతిలో పెరుగన్నం ముద్దతో ఎలా చెప్పను? "టూర్లో ఉన్నారండీ" అన్నాను. అంతే. ఆ టూరు రెండేళ్లు సాగింది. మధ్యలో తిరిగొచ్చారు, జలుబు చేసింది, తగ్గింది, నా గోంగూర పచ్చడి మెచ్చుకున్నారు. కాపురం చేసిన తొమ్మిదేళ్లలో ఏనాడూ మెచ్చుకోలేదు. లేని మనిషి ఉన్న మనిషి కంటే ఎంతో మంచివాడయ్యాడు.

మా టీమ్ లీడు మంచివాడు, సిద్దిపేట వైపు మనిషి, నా కంటే ఓ ఐదేళ్లు చిన్న. ప్రతి సోమవారం కాఫీ దగ్గర "ఏంది మేడం, సార్ మంచిగున్నడా?" అని అడిగేవాడు. నేను "బాగున్నారండీ" అనేదాన్ని. ఇంటికెళ్లాక తాళం తీసి, లైటు వేసి, చేతులు కాల్చుకుని ఒక్కదానికి వండుకుని, టీవీలో వాళ్లూ వీళ్లూ పోట్లాడుకుంటుంటే చూస్తూ తినేదాన్ని. ఒక్కోసారి శుక్రవారం సాయంత్రం ఆఫీసులో మాట్లాడిన మాటకి, సోమవారం మాట్లాడే మాటకి మధ్య నా గొంతు నాకే వినపడేది కాదు. ఒంటరితనం గురించి చాలా గొప్పగా రాస్తారు గానీ, నాకైతే అది చిరాగ్గా ఉండేది.

చిన్న బండి పని నడుస్తుండగానే మియాపూర్ ఇల్లు ఖాళీ చేసి కొండాపూర్‌కి మారాను. ఆఫీసుకి దగ్గరని అందరికీ చెప్పాను. అసలు సంగతి, మియాపూర్ ఇంట్లో ఆయన స్కూటర్ పెట్టే చోటు పొద్దున్నే లిఫ్టు దిగగానే ఎదురుగా కనపడేది.

సామానుకి బాలానగర్ నుంచి ఒక ట్రాలీ ఆటో మాట్లాడాను. యాభై దాటిన మనిషి, ఒక్కడే వచ్చాడు. తోడు రావాల్సినవాడికి జ్వరమట. ఇనప బీరువా ముందు నిలబడి అటూ ఇటూ చూసి "ఇంట్ల ఇంకెవ్వరు లేరా అమ్మా? అటు పక్క పట్టెటోళ్లు?" అన్నాడు.

"మావారు ఆఫీసుకి వెళ్లారండీ" అన్నాను. మళ్లీ జన్మలో చూడని మనిషికి కూడా.

"గట్లనా. అయితే నేనే చూస్కుంట. ఫికర్ జెయ్యకుండ్రి" అని బండిలోంచి ఒక గోనెసంచి తెచ్చాడు. దాన్ని మడతపెట్టి బీరువా కాళ్ల కిందికి తోసి, గచ్చు మీద పడవ లాగినట్టు లిఫ్టు దాకా లాక్కుపోయాడు. కింద బండి దగ్గర అదే గోనెసంచి తొట్టి అంచు మీద పరిచాడు. బీరువాని మెల్లగా వంచి దాని తల ఆ అంచు మీద ఆనించాడు. అప్పుడు తీరిగ్గా ఇటు వచ్చి, కింది వైపు ఎత్తి తోశాడు. జర్రుమని లోపలికి పోయింది. ఒక్క క్షణం కూడా పూర్తి బరువు అతని నడుం మీద పడలేదు. అటు పక్క మనిషి చేయాల్సిన పని ఆ అంచు చేసింది.

కొండాపూర్‌లో పైకి చేర్చి, మళ్లీ ఆ సంచి మీదే హాల్లోకి లాగేసరికి అతనికి ఇంకో కిరాయి ఫోనొచ్చింది. "సార్ వచ్చినంక ఇద్దరు గల్సి లోపలి రూమ్‌లకు జరుపుకోండ్రి. సంచి గాడనే ఉండనియ్యిండ్రి" అని వెళ్లిపోయాడు.

బీరువా హాలు మధ్యలో నిలబడిపోయింది, నాలుగు నెలలు. దాని చుట్టూ తిరిగి వంటింట్లోకి వెళ్లేదాన్ని. దాని పిడికి సంచీ తగిలించేదాన్ని, పైన దువ్వెన పెట్టుకునేదాన్ని. ఒక్కసారి కూడా జరిపి చూడలేదు. ఎందుకంటే ఏం చెప్పను? సార్ వచ్చాక ఇద్దరూ కలిసి అన్నాడు కదా. నేను పుట్టించిన సార్ కోసం నేనే ఎదురు చూశాననుకోండి.

కానీ ఆఫీసులో మాత్రం ఆ గోనెసంచి నన్ను వదల్లేదు. పెద్ద సామాను ఎక్కించే పరీక్షలో మా లెక్క ప్రకారం రెండు బొమ్మలుంటాయి, అటొకటి, ఇటొకటి. ఓ రోజు రెండో బొమ్మని చెరిపేశాను. మిగిలినదాని నడుం ఎర్రగా అయిపోయింది. తొట్టి అంచుని నాలుగు వేళ్ల మందం కిందికి దించి, గుండ్రం చేసి, దాని మీద జారే పట్టీ ఒకటి వేశాను. ట్రాలీ ఆటో ఆయన చేసినట్టే బొమ్మ చేత చేయించాను. ఎరుపు పసుపైంది. ఇంకాస్త గుండ్రం చేశాను. పచ్చ. సీట్లో కూర్చునే చిన్నగా ఈల వేశానని పక్క సీటమ్మాయి చెప్పింది.

టీమంతా దానికి "మేడం గారి గోనెసంచి" అని పేరు పెట్టారు. నాకు ముక్కు మీదే కోపం, అయినా ఆ పేరుకి మాత్రం కోపం రాలేదు. ఆ పట్టీ బండిలో ఉండాలని నేనెంత పట్టుబట్టానో చెబితే నవ్వుతారు. నా జీవితంలో నేను దక్కించుకోవాలనుకున్నది ఆ ఏడాది అదొక్కటే.

ఓ గురువారం సాయంత్రం విదేశీ ఆఫీసుతో వీడియో మీటింగ్. ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో తేల్చే మీటింగ్. ఒక్కొక్క భాగం తెర మీదికి వస్తోంది, ఒక్కొక్కటీ ఎగిరిపోతోంది. నా పట్టీ వచ్చింది.

"ఇంత బరువు ఒంటరిగా ఎవరు ఎక్కిస్తారు?" అన్నాడు అటు నుంచి పెద్ద ఇంజనీరు. "ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు కదా. లేకపోతే పక్కింటివాళ్లు."

నేను ట్రాలీ ఆటో సంగతి చెప్పాను. అతను వృత్తి మనిషి, అతని లెక్క వేరు, మేం మామూలు ఇళ్ల గురించి మాట్లాడుతున్నాం అన్నాడాయన. వేడి చల్లార్చడానికి మా లీడు నా వైపు వంగి, నవ్వుతూ, "నిజమే గద మేడం. మీ ఇంట్లనే సూడుండ్రి, అటు పక్క సార్ పట్టుకోడా?" అన్నాడు.

పాపం, అతనిది ఏ తప్పూ లేదు. రెండేళ్లుగా నేను చెప్పిందే నమ్మాడు. అవునండీ, పట్టుకుంటారు అంటే చాలు, అబద్ధం బతుకుతుంది, పట్టీ పోతుంది. తెర మీద పట్టీ పక్కన టిక్కు పెట్టే గడి ఖాళీగా ఉంది.

"మా ఇంట్లో సార్ లేరు" అన్నాను. అందరికీ అర్థం కావాలని ఇంగ్లీషులోనే చెప్పాను. "విడిపోయి రెండేళ్లు దాటింది. ఉన్నారని ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను. మా బీరువా నాలుగు నెలలుగా హాలు మధ్యలో ఉంది. అటు పక్క పట్టే మనిషి లేక. మీరడిగిన ఆ ఒంటరి మనిషిని నేనే."

పక్క సీటమ్మాయి తన నోటుపుస్తకం వైపు చూస్తూ ఉండిపోయింది. అప్పుడు అటు నుంచి, అప్పటిదాకా నోరు విప్పని ఒక పెద్దావిడ కళ్లజోడు తీసి, "నా పరుపు నేనే లాక్కుంటాను. మా వీధిలో ఇంకో ముగ్గురు అంతే. ఆ పట్టీ ఉంచండి" అంది. పెద్ద ఇంజనీరు దగ్గాడు. గడిలో టిక్కు పడింది.

బయటికొచ్చాక లీడు లిఫ్టు దగ్గర పట్టుకున్నాడు. మొహం ఎత్తలేకపోతున్నాడు. "గిన్ని రోజులు చెప్పకపోతిరి మేడం. ప్రతి సోమవారం నేనే అడిగి అడిగి మిమ్మల్ని పరేషాన్ చేసిన. శనివారం నేను, మా ఇంటామె వస్తం. బీరువా జరుపుడు రెండు నిమిషాల పని."

"అబ్బే, వద్దండీ. నేను చూసుకుంటాను" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎప్పుడూ తయారుగా వస్తుంది.

శనివారం పొద్దున కాఫీ తాగి, కొంగు దోపుకుని, బీరువా ముందు నిలబడ్డాను. బొమ్మకి నేర్పినట్టే మోకాళ్లు వంచి, నడుం నిటారుగా పెట్టి, కింద నలిగి ఉన్న గోనెసంచి కొసలు రెండు చేతులా పట్టుకుని లాగాను. కదిలింది. అంత తేలిగ్గా కదులుతుందని అనుకోలేదు. ఇంకోసారి లాగాను, రెండు గచ్చు పలకల దూరం వచ్చింది. పడగ్గది గుమ్మం ఇంకో నాలుగు పలకలు. నాలుగు నెలల నుంచి నేను చుట్టూ తిరిగింది దీని కోసమా! నవ్వొచ్చింది. పైకే నవ్వాను. ఆ నవ్వు ఖాళీ హాల్లో వినపడేసరికి ఏడుపొచ్చింది. గచ్చు మీద కూలబడి బీరువాకి వీపు ఆనించి చాలాసేపు ఏడ్చాను.

నేనేం గెలిచానో అప్పుడర్థమైంది. ఎవర్నీ పిలవక్కర్లేని బండి ఒకటి తయారు చేశాను. అది రోడ్డెక్కాక ఎక్కడో ఒకావిడ తన బీరువా తనే ఎక్కించుకుని, తనే దింపుకుని, తలుపేసుకుంటుంది. మంచిదే. ఆవిడ నడుం పచ్చగానే ఉంటుంది. కానీ ఆ తలుపు ఎవరూ కొట్టరు.

మొహం కడుక్కుని ఫోన్ తీశాను. లీడు రెండో రింగుకే ఎత్తాడు.

"ఏమండీ, ఇవాళ మీకూ, మీ ఆవిడకీ వీలవుతుందా?" అన్నాను. "బీరువా నేనొక్కదాన్నే జరపలేకపోతున్నాను."

"ఒక్క గంటల ఆడ ఉంటం మేడం" అన్నాడు.

ఫోన్ పెట్టేసి, వంగి, సంచి కొసలు పట్టుకుని, జరిపిన రెండు పలకల దూరమూ బీరువాని మళ్లీ వెనక్కి లాగాను. తర్వాత ముగ్గురికీ ఉప్మా చేయడానికి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను.