హెడ్మాస్టరు గదిలో థర్మామీటరు

సైన్సు టీచరు ఇస్త్రీ బండి నడిపినాయన కూతురు. వీధంతటి బట్టలనూ నలగకుండా మడతపెట్టే ఇంట్లో పెరిగింది గనక, నలుగురి ముందుకు వెళ్ళేటప్పుడు ఏ ముడతా కనపడకూడదన్న భయం ఆమెకు ఉగ్గుపాలతోనే అబ్బింది. తను చదివిన బడికీ రేకుల కప్పే, పాఠం చెప్పే బడికీ రేకుల కప్పే. మధ్యలో ప్రభుత్వాలు మారాయి గానీ రేకులు మారలేదు.

ఆ ఏడు సముద్రం అవతలి ఓ బడితో కలిసి ఇంటర్నెట్‌లో ప్రాజెక్టు చేసే అవకాశం ఆమె క్లాసుకి వచ్చింది. పని తేలికే. రెండు బళ్ళ పిల్లలూ మధ్యాహ్నం పూట తమ క్లాసు గదిలో ఎంత వేడి ఉందో చూసి, ఆ అంకెను ఇద్దరికీ కనిపించే పట్టికలో ఎక్కించాలి. అప్పుడప్పుడూ వీడియోలో మాట్లాడుకోవాలి. చివర్లో కలిసి ఒకే నివేదిక రాయాలి. థర్మామీటరు చూసే పని పిచ్చుకకి దక్కింది. సన్నగా ఉండి గలగలలాడే ఆ పిల్లని బడంతా అలాగే పిలిచేది. బల్లెక్కి, గాజుగొట్టానికి ముక్కు ఆనించి, "నలభై ఒకటి" అని తనే ఆ ఎండను కాయించినంత గొప్పగా చెప్పేది.

మొదటి వీడియోలోనే అవతలి టీచరమ్మ, మీ థర్మామీటరు పాడైందేమో చూసుకున్నారా అని మర్యాదగా అడిగింది. వాళ్ళదీ ఎండల దేశమే గానీ గదులు చల్లన. ఆమె మాటలో వెటకారం లేదు. అయినా మన టీచరుకి తల కొట్టేసినట్టయింది. అవతల తెల్లటి గోడలు, ఇవతల చెమటకి ఒంటికంటుకున్న చొక్కాలు. మర్నాడే ఆ థర్మామీటరు తీసుకెళ్ళి హెడ్మాస్టరు గదిలో మేకుకి తగిలించింది. బడి మొత్తానికి శ్లాబు పడింది ఆ ఒక్క గదికే, కిటికీకి కూలరు కూడా.

"ఇది మన క్లాసు కాదు కదా టీచర్?" అంది పిచ్చుక.

"మన బళ్ళోదే కదా. చూసి చెప్పు."

పిచ్చుక చూసి చెప్పింది. ముప్పై మూడు. ఈసారి గొంతులో గొప్ప లేదు.

రెండు బళ్ళ గదులూ ఇంచుమించు ఒకలాగే ఉన్నాయని నివేదిక తయారైంది. హెడ్మాస్టరు మురిసిపోయి దాన్ని పై ఆఫీసుకి పంపాడు. మధ్యాహ్నం బడి ఎత్తేసి, ఎండలు తగ్గేదాకా పొద్దుటిపూటే నడపమని తల్లులు కొందరు అదే ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. మీ పిల్లలే కొలిచారు కదమ్మా, ఇంకేం కావాలి అని వాళ్ళని తిప్పి పంపేశారు. పిల్లలు ఉడికిపోతున్నా పెద్దల పరువు చల్లగా ఉంటే చాలనుకోవడం మనకి కొత్తేమీ కాదు. ఈసారి ఆ పని చేసింది ఆఫీసు కాదు, పిల్లల్ని ప్రేమించే టీచరు.

ఆ వారమే వెనక బెంచీ కుర్రాడు కళ్ళు తిరిగి పడిపోయాడు. నీళ్ళు చల్లితే లేచాడు. హాజరుపట్టీ అట్టతో వాడికి విసురుతూ కూర్చుంది ఆమె. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. తండ్రి కారణం అడిగాడు, ఆమె దాచకుండా చెప్పింది.

"నేనూ ఓసారి ఒకావిడ చీర కాల్చానమ్మడూ. కాలిన చోటు మడత లోపలికి పెట్టి ఇచ్చేశాను. ఆవిడ మళ్ళీ రాలేదు. వచ్చి నాలుగు తిట్టినా బాగుండేది."

వీడ్కోలు వీడియోకి హెడ్మాస్టరు తన గదిలోనే ఏర్పాటు చేయమన్నాడు. ఆమె కంప్యూటరుని రేకుల గదికి మోయించింది. థర్మామీటరు పొద్దున్నే అక్కడ తగిలించి ఉంది. తెర వెలగగానే, పట్టికలోని అంకెలు ఈ గదివి కావని, చోటు మార్చింది తనేనని, పిల్లల తప్పేమీ లేదని చెప్పింది. అవతల నవ్వులు ఆగిపోయాయి.

"ఏంటమ్మా, బడి పరువు బజారుకీడుస్తావా?" అన్నాడు వెనకే వచ్చిన హెడ్మాస్టరు పళ్ళు కొరుకుతూ.

"ఇదే రాసి, సంతకం పెట్టి ఆఫీసులోనూ ఇస్తాను సార్. తల్లులకీ చెప్తాను."

ఆ మాట అన్నాక గుండె తేలికవుతుందనుకుంది. పిచ్చుకని పిలిచి, అందరికీ వినపడేలా చదవమంది. పిల్ల బల్లెక్కింది, గొట్టానికి ముక్కు ఆనించింది. గలగలా చెప్పాల్సింది, చెప్పలేదు. వెనక్కి తిరిగి టీచరు మొహంలోకి చూసింది.

"ఏ అంకె చెప్పమంటారు టీచర్?"

అంత ఉక్కలోనూ ఆమె ఒళ్ళు చల్లబడింది. ఆఫీసుకి రాసిచ్చే కాగితం దీన్ని సరిచేయలేదు. తన మొహం పిల్లకి కనపడకుండా గోడవైపు తిరిగి నిలబడింది. చాలాసేపటికి వెనకనుంచి ఓ సన్నటి గొంతు, తప్పు చేస్తున్నట్టు, నలభై రెండు అంది.